నీట మునగని స్నానాల రేవు

మా బద్వేలులో స్నానమంటే నీళ్ల లెక్క. ఎండాకాలం వచ్చిందంటే మనిషికి ఒక బక్కెట, తలంటుకుంటే రెండు. అలాంటి ఊరివాళ్లం కిందటేడు ఇంటిల్లిపాదీ నాగార్జునకొండ చూడబోయాం. లాంచీ ఎక్కితే చుట్టూ నీళ్లే! మా జేజి రెండు చేతులూ జోడించి కూర్చుంది.

దీవి మీద చూడవలసినవి చాలా ఉన్నాయి గాని, మమ్మల్ని నిలబెట్టేసినది స్నానాల రేవు. చెక్కిన రాతిపలకలు మెట్లుమెట్లుగా పేర్చి ఉన్నాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, క్రీస్తు తరువాత మూడో శతాబ్దంలో, కృష్ణ ఒడ్డున కట్టిన రేవు అది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగర్‌కు శంకుస్థాపన చేసేనాటికే ఆ లోయ మునిగిపోతుందని తెలుసు. 1954 నుంచి 1960 వరకు పురావస్తుశాఖవారు అక్కడ తవ్వి, ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని ఈ కొండమీదా, ఒడ్డున అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. మిగిలినవి నీళ్లకిందే ఉండిపోయాయి.

ఇంగ్లండులో బాత్ అనే ఊరుంది. వేడినీటి ఊటల దగ్గర రోమనులు కట్టుకున్న స్నానశాలలు ఈనాటి వీధులకు దిగువన భద్రంగా ఉన్నాయి. 2007లో అక్కడ స్నానాల హోటలు ఒకటి కట్టబోయే చోట తవ్వితే 17,000కు పైగా రోమను నాణేలు బయటపడ్డాయి. రోమను నాణేలు మన నాగార్జునకొండలోనూ దొరికాయి. వాళ్లు పాతదానిని కింద ఉంచుకుని పైన కొత్తది కట్టుకున్నారు. మనం కొత్త నీళ్లకు చోటిచ్చి పాతదానిని పైకెత్తుకున్నాం.

ఈ సంగతులన్నీ కాస్త గొప్పగానే మావాళ్లకు చెబుతున్నాను. జేజి అంతా విని, "ఇంతింత రాళ్లు పైకి మోసుకొచ్చినారా! మరి మా ఊరి బాయి రాళ్లు ఎవురన్నా ఎత్తిపెట్టినారా, నాయనా?" అని అడిగింది.

జేజి పుట్టినూరు అట్లూరు దగ్గర పల్లె. ఇప్పుడది సోమశిల జలాశయంలో, పెన్న నీళ్లకింద ఉంది. ఇంటికీ పొలానికీ పరిహారం వచ్చింది. దిగుడుబావి ఊరందరిదీ, అందుకని ఎవరి లెక్కలోనూ చేరలేదు.

సాగర్ నీళ్లు 1967 నుంచి లక్షల ఎకరాలు తడుపుతున్నాయి. సోమశిల నెల్లూరు పంటలకు ప్రాణం. నీటి విలువ తెలిసిన బద్వేలువాడు జలాశయాలు వద్దని ఎలా అంటాడు? అయినా రాజధాని మెట్లకు పట్టిన అదృష్టం పల్లె మెట్లకు పట్టలేదన్నది నిజమే కదా! రాళ్లు ఎత్తడం నా వల్ల కాదు. మాటలైనా ఎత్తిపెట్టవచ్చుననిపించింది.

ఊరికి రాగానే ఒక నోటుపుస్తకం కొన్నాను. సాయంత్రాలు జేజి చెబుతుంది, నేను రాస్తాను. పండగనాడు ఎవరు ముందు నీళ్లు తోడుకునేవారు, పెళ్లికూతురికి ఏ మెట్టు మీద మంగళస్నానం చేయించేవారు, ఏ మెట్టు పాచిపట్టి జారేది - ఇలా నలభై పేజీలు నిండాయి. మొన్న జేజి తమ్ముడు చూడవచ్చాడు. ఆ బావికి ఇరవై రెండు మెట్లని జేజి. కాదు, ఇరవై ఒకటేనని ఆయన. భోజనాలవేళ దాకా తగవు తెగలేదు.

నేను రెండు లెక్కలూ రాసుకున్నాను.