వాన రోజున సరళాసాగర్

వాన పడుతుంటే విహారయాత్ర మానుకోవడం చాలాచోట్ల రివాజు. పాలమూరులో కొన్ని దృశ్యాలు మాత్రం వాన పడితేనే కనిపిస్తాయి. వనపర్తి జిల్లా మదనాపురం మండలంలోని సరళాసాగర్ అటువంటిది. అందుకే ఆ ఆదివారం తెల్లవారుజాము నుండి ముసురు పట్టి వదలకపోయినా ప్రయాణం ఆపలేదు. ముగ్గురు పిల్లలు, నాగర్‌కర్నూల్ నుండి వచ్చిన వాళ్ళ నానీతో కలిపి మేము ఆరుగురం.

వనపర్తి సంస్థానాధీశులు రాజా రామేశ్వరరావు తమ తల్లి సరళాదేవి పేరిట తలపెట్టిన జలాశయమిది. 1949లో మొదలైన పని 1959లో పూర్తయింది. ఊకచెట్టు వాగుపై కట్టిన ఈ ఆనకట్టకు మనుషులు ఎత్తి దించే గేట్లు లేవు, సైఫన్లు ఉన్నాయి. నీరు నిండుమట్టం దాటగానే సిమెంటు గూడు వంటి కప్పు కిందికి చేరి, అక్కడి గాలిని బయటకు నెట్టివేస్తుంది. గూడు నీటితో నిండిన మరుక్షణం ప్రవాహం తనంతట తానే లాగుకుంటుంది. మట్టం తగ్గి గాలి లోపలికి చొరబడితే దానంతటదే ఆగిపోతుంది. డ్రమ్ములోని నీటిని రబ్బరు గొట్టంతో తోడే ఉపాయమే ఇది. అర్ధరాత్రి వరద వచ్చినా ఎవరినీ నిద్ర లేపనక్కరలేదు.

కట్ట కనిపించక ముందే హోరు వినిపించింది. పిల్లలు గొడుగులు మరచి పరుగెత్తారు. తెల్లని నురగ విసురుగా కిందికి దూకుతుంటే చిన్నవాడు, "గేటు ఎవరు తెరిచారు?" అని నాలుగుసార్లు అడిగాడు. నానీ మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా ఊళ్ళో ఇన్ని నీళ్ళుంటే మీ నానా మట్టి పనికి పొరుగు రాష్ట్రాలకు ఎందుకు పోతారు బేటా!" అన్నారు. దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్వినవారు పాలమూరు కూలీలు. వారి సొంత చేలు వానకై ఎదురుచూస్తూ ఉండిపోయాయి.

ఈ కట్ట కూడా ఒకసారి తెగింది. 2019 డిసెంబరు 31న మట్టికట్టకు గండిపడి, నిండిన జలాశయం ఖాళీ అయింది. తరువాత తిరిగి కట్టారు. ఎంత తెలివైన సైఫనుకైనా పక్కనున్న మట్టికట్టను ఏటా చూసుకునే మనిషి కావలసిందే కదా!

అక్కడి నుండి ఆత్మకూరు మీదుగా జూరాల చేరి, వేయించిన చేపలు తినాలన్నది పిల్లల కోరిక. కాని సైఫన్ల నీరంతా వాగులోకే చేరి మదనాపురం – ఆత్మకూరు దారిలోని కాజ్‌వేను ముంచెత్తింది. రాకపోకలు నిలిచిపోయాయి. పాల క్యాన్లతో ఇద్దరు, పుస్తకాల సంచీతో ఒక అమ్మాయి, వారి వెనుక ఒక వృద్ధుడు నిలబడి ఉన్నారు. ఆత్మకూరు ఆసుపత్రిలో ఆయన కూతురు ప్రసవించిందట. మనవరాలిని ఇంకా చూడలేదు. మాకు వేడుకైన నీరే ఆయనకు అడ్డుగోడ అయింది. పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకొని, చుట్టుదారి బస్సు దొరుకుతుందని ఆయనను కొత్తకోట వరకు తీసుకువెళ్ళాము. దారి పొడవునా ఆయన చేతిలోని నెయ్యి డబ్బాను నానీ పట్టుకొని కూర్చున్నారు.

జూరాల ఆశ వదులుకొని జాతీయ రహదారిపై బీచుపల్లి వద్ద ఎర్రబారిన కృష్ణను దాటి, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా గద్వాల చేరాము. జుహ్ర్ నమాజు అక్కడే చేసుకున్నాము. సోమనాద్రి కట్టించిన కోటను వానలో పైపైనే చూశాము. దాని గురించి రాయాలంటే ఎండ ఉన్న మరో రోజు కావాలి.

పెద్దమ్మాయి నికాహ్‌కు చెప్పిన చీర కోసం నేతకారుని ఇంటికి వెళ్ళాము. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదనే పోగుపోగుగా ముడివేసి కలుపుతారు. ఆ ఇంట్లో మగ్గం ఆగి ఉన్నది. కాళ్ళు పెట్టే గుంటలో నీరు ఊరింది. ఇల్లాలు చెంబుతో తోడి బకెట్లో పోస్తున్నారు. నాలుగు రోజులు ఎండ కాస్తే గాని పని సాగదని ఆయన చెప్పారు. తొందర లేదన్నాము. పెద్దమ్మాయి మరో చెంబు అందుకొని ఆ ఇల్లాలి పక్కన కూర్చున్నది.