పాతబండి

నెల్లూరు సీమలో సముద్రమునకు చేరువనున్న వాకాడు ప్రాంతమున మత్స్యకారుల పల్లెలు కలవు. ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, 61 దినములు, మరపడవలు వేటకు పోరాదని నిషేధము. ఆ విరామమున పడవలను ఒడ్డున నిలిపి మరమ్మతులు చేసికొందురు. కొత్తపడవ సమకూరువఱకు పాతపడవయే కుటుంబమునకు కూడు పెట్టవలెను. కాని ఓటిపడవ నడికడలిలో ప్రాణమునే హరింపవచ్చును. కావున పాతదానిని వాడువాడు దానిని అనుదినము శంకించుచుండవలెను.

మహానగరమునందును ధర్మ మిదియే. వాకాటికి సమీపమందున్న గూడూరు మీదుగా చెన్నై నుండి కలకత్తాకు రైలుమార్గము కలదు. ఆ మార్గపు దక్షిణపు కొసన, చెన్నైలోని పెరంబూరు కర్మాగారమున తయారైన పెట్టెలే, ఉత్తరపు కొసనున్న కలకత్తాలో నేలక్రింద పరుగిడినవి. 1984 అక్టోబరు 24వ తేదీన ఎస్ప్లనేడు, భవానీపూరుల నడుమ భారతదేశపు మొదటి భూగర్భ రైలు నడచెను. మార్గము ప్రక్కనుండు మూడవ పట్టానుండి 750 వోల్టుల విద్యుత్తును గ్రహించి ఆ బండ్లు కదలును.

ఇట్టి బండ్ల ఆయువు సాధారణముగా 25 లేక 30 ఏండ్లు. చల్లనిగాలి యంత్రములు గల కొత్తబండ్లు 2010లో రాసాగినను, అవసరమైనన్ని ఒక్కసారిగా రాలేదు. చైనానుండి తెప్పించినవానిలో మొదటి బండి 2019లో చేరినను, పరీక్షలు ముగిసి ప్రయాణికుల నెక్కించుకొనుటకు 2023 వచ్చెను. ఈలోపల నగరము ఆగునా? పాతబండ్లే భారము మోసెను.

ఇట్టి బండ్ల షెడ్డులలో, రాత్రి కడపటి బండి చేరినపిదప పని ముమ్మరమగును. అరిగి వంకరపడిన చక్రములను యంత్రముపై చెక్కి గుండ్రముగా చేయుదురు. బ్రేకుదిమ్మెలను మార్తురు. తీగలపై పూత పెళుసెక్కెనేమో పరీక్షింతురు. విడిభాగము అంగడిలో దొరకనిచో, సేవనుండి తొలగించిన బండిలోని మంచిభాగమును ఊడదీసి అమర్చుటయు కలదు.

అన్నిటికంటె కష్టమైనది "ఈ బండి నేడు పోరాదు" అని పలుకుట. ఒక బండి నిలిచినచో ప్లాటుఫారముపై జనము క్రిక్కిరియును. కూలివానికి పని తప్పును. విద్యార్థికి పరీక్షవేళ మించును. నింద షెడ్డువారికే చెందును. ఆ నిందను సహించియు కాదనగల పనివాడున్నప్పుడే ప్రయాణికులు క్షేమముగా ఇల్లు చేరుదురు.

అయినను వాని నేర్పు ఇతరుల ఆలస్యమునకు సాకు కారాదు. మరమ్మతు ఆయువును కొంత పొడిగించును గాని వార్ధక్యమును మాన్పజాలదు. అందాక కాపాడుట పనివాని విధి. అదనునకు కొత్తదానిని తెచ్చుట అధికారుల విధి. రెండింటిలో ఏది లోపించినను బాధ ప్రయాణికునిదే.

2021 అక్టోబరు 24న కలకత్తా తన పాతబండ్లకు వీడ్కోలు పలికెను. మొదటి బండి నడచి నాటికి సరిగా 37 ఏండ్లు నిండెను. ఆ బండ్లను అంతకాలము నడిపించినవారి పేర్లు ఏ పెట్టెమీదను వ్రాయబడలేదు.