పాత గేమ్‌కి కొత్త రంగులు: కొనాలా, వద్దా?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి బాబు వాళ్ళ నాన్నగారు, మార్కుల సంగతి అయ్యాక మొహమాటంగా అడిగారు. "మేడమ్, మావాడు ఫైనల్ ఫాంటసీ సెవెన్ రీమేక్ కొనమని ప్రాణం తీస్తున్నాడు. అసలు గేమ్ 1997 నాటిదట. పాత సరుక్కి రంగులేసి వేలకి వేలు అడిగితే కొనాలా?" పక్కన వాడు నేల చూపులు చూస్తున్నాడు. ఇంగ్లీష్ టీచర్ వద్దనే అంటుందని ఇద్దరూ అనుకున్నట్టున్నారు.

నేను వెంటనే వద్దనలేకపోయాను.

మా ఇల్లు వన్ టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర సందులో. నేను ఆరో తరగతిలో ఉండగా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, తన కంప్యూటర్‌లో ఆ గేమే ఆడేవాడు. అందులో ఎవరూ పైకి మాట్లాడరు. ప్రతి మాటా తెర మీద ఇంగ్లీష్ అక్షరాల్లో వస్తుంది. చదివి అర్థం చేసుకుంటేనే ఎటు వెళ్ళాలో తెలుస్తుంది. అన్నయ్య కీబోర్డు నొక్కుతుంటే నేను డిక్షనరీ తిరగేసేదాన్ని. మిడ్‌గార్ అనే నగరంలో కరెంటు కోసం భూమి ప్రాణాన్నే తోడేస్తున్నారని అర్థమైన రోజు, మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు గుర్తొచ్చాయి. అప్పుడే తెలుగు మీడియం నుంచి మారిన నేను, భయం లేకుండా చదివిన మొదటి ఇంగ్లీష్ అదే.

ఉద్యోగం వచ్చాక, దాచుకున్న డబ్బుతో రీమేక్ కొన్నాను. బొమ్మలు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. కానీ ఇందులో అందరూ గొంతెత్తి మాట్లాడతారు. కింద అక్షరాలు వస్తున్నా కళ్ళు అటు పోవు. డిక్షనరీ అవసరమే రాలేదు. పైగా మిడ్‌గార్ దాటగానే కథ ఆగిపోయింది. 2020లో వచ్చిన ఆ రీమేక్ పాత కథలో మొదటి భాగమే. రెండోది 'రీబర్త్' పేరుతో 2024లో వేరే ధరకి వచ్చింది. ఈ సంగతి కొనేముందు చూసుకోకపోవడం నా తప్పే.

మాయాబజార్ గుర్తుందా? 1957 నాటి ఆ నలుపు తెలుపు సినిమాని 2010లో రంగుల్లో విడుదల చేశారు. "చూసిన సినిమాకి మళ్ళీ టికెట్టా?" అని సణుగుతూనే నాన్న మమ్మల్ని తీసుకెళ్ళారు. బయటికొచ్చి, "అంతా బాగుంది, వెన్నెలే కాస్త తగ్గింది" అన్నారు. పాత సినిమా అంటే పారిపోయే తమ్ముడు మాత్రం సీట్లోంచి కదల్లేదు. నాన్నకి అది జ్ఞాపకం, తమ్ముడికి కొత్త సినిమా. గేములూ అంతే. పాతది ఆడినవాళ్ళు జ్ఞాపకానికి డబ్బు కడతారు, పిల్లలు మొదటిసారి కథలోకి వెళ్తారు. కాబట్టి "పాతదానికి ఇంత ధరా?" అని కాకుండా, "ఇందులో మావాడు ఏం చేస్తాడు?" అని అడగాలి.

కొనేముందు మూడు చూడండి. ఒకటి, అది రీమాస్టరా, రీమేకా? రీమాస్టర్ అంటే అదే గేమ్‌కి మెరుగులు దిద్దడం. రీమేక్ అంటే మళ్ళీ మొదటి నుంచి కట్టడం, కథ కూడా మారవచ్చు. రెండు, పిల్లవాడు చదవాలా, వింటే చాలా? ఫైనల్ ఫాంటసీ మొదటి ఆరు గేములకి 2021, 2022ల్లో వచ్చిన పిక్సెల్ రీమాస్టర్లలో ఇప్పటికీ చదవాల్సిందే. ఏడోది పాత రూపంలోనూ రీమేక్ కంటే తక్కువ ధరకే దొరుకుతోంది. మూడు, వయసు. ఈ రీమేక్‌కి అమెరికాలో 13, యూరప్‌లో 16 ఏళ్ళ రేటింగ్ ఇచ్చారు.

ఆ బాబుకి మాత్రం నేనో పని పెట్టాను. ఏది కావాలో, ఎందుకో ఇంగ్లీష్‌లో ఒక పేజీ రాసి నాన్నగారికి ఇవ్వమన్నాను. వారం తర్వాత ఆ పేజీ నా దగ్గరికి వచ్చింది. ఏడు తప్పులున్నాయి, కాని ప్రతి వాక్యం సొంతంగా రాసిందే. ముందు పాతదే కావాలట, అది చవక కాబట్టి. కొత్తది వేసవి సెలవుల్లో అడుగుతాడట.

నాన్నగారు పాతది కొన్నారు. డిక్షనరీ కూడా కొనమని చెప్పాను.