పోలికల పంచాయితీ

మైండ్‌స్పేస్ దగ్గర టీ బండి ముందు రాక్ అభిమానులు చేరితే వాదన లెడ్ జెప్పెలిన్ దాకా రావాల్సిందే. 1971 నాటి ‘స్టెయిర్‌వే టు హెవెన్’ ఎత్తుగడ, స్పిరిట్ బృందం 1968లో వినిపించిన ‘టారస్’లా ఉందా, లేదా?

ఒకరు ఇయర్‌ఫోన్ తీసి పక్కవాడికిస్తారు. రెండింటిలోనూ కింది స్వరం అరమెట్టు చొప్పున దిగుతుంది. జెప్పెలిన్ పాటలో మాత్రం అదే క్షణాన పై స్వరం ఎక్కుతుంది. అసలు అందమంతా అక్కడే! ఈ గొడవ కోర్టుకెక్కితే, 2016లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ నకలు కాదంది. 2020లో అప్పీలు కోర్టూ అదే ఖాయం చేసింది.

ఒకే స్వరాల్లోంచి వేర్వేరు పాటలు పుట్టడం తెలుగు చెవికి తెలిసిందే. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ మోహన రాగమే, ‘ఘనాఘన సుందరా’ మోహన రాగమే. ఒకటి వెన్నెల విహారం, ఒకటి భక్తి.

రేడియోహెడ్ ‘క్రీప్’ సంగతి వేరు. హోలీస్ పాడిన ‘ది ఎయిర్ దట్ ఐ బ్రీత్’తో పోలిక తేలాక, ఆ పాట కట్టిన హామండ్, హేజిల్‌వుడ్‌ల పేర్లు ‘క్రీప్’ రచయితల్లో చేరాయి.