ఉప్పు పాళ్ళు

మా వారికో చెడ్డ అలవాటుంది. ఆదివారం చర్చిలో నా ప్రార్థన వింటారు. సోమవారం కూరల బండి దగ్గర నా బేరం వింటారు. "ఈ ఇద్దరూ ఒకరేనా?" అని నవ్వుతారు. ఆ నవ్వుకు జవాబు చెప్పడం నాకెప్పుడూ కష్టం కాలేదు. 2023 డిసెంబరులో మాత్రం నోట మాట రాలేదు.

క్రిస్మస్‌కి నాలుగు రోజులుంది. పిల్లలు ఆ పూటే దిగుతున్నారు. వంజరం పులుసు లేకపోతే మా అల్లుడికి పండగే కాదు. పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకు వెళ్ళాను. ఎప్పుడూ నాకు చేపలిచ్చే ఆవిడ తట్ట ముందేసుకుని కూర్చుంది. మొప్ప ఎత్తి చూశాను, ఎర్రగా ఉంది. ధర అడిగితే గుండె ఝల్లుమంది.

"ఇదేం ధరమ్మా! మీ బోట్లు కాలితే మమ్మల్ని కూడా కాల్చేస్తారా?" అనేశాను.

పక్కన బేరమాడుతున్న వాళ్ళు పక్కున నవ్వారు. నిజం చెప్పొద్దూ, భలే అన్నానని నాకూ సంతోషమే వేసింది.

ఆవిడ నవ్వలేదు. "పండక్కి పిల్లలొస్తారు కదమ్మా. నీకు తోచింది ఇయ్యి" అని చేపను కోసే అతని వైపు జరిపింది. అతను తలెత్తకుండానే, "ఆయమ్మ కొడుకు పన్జేసే బోటూ కాలిపోనాదండి. నెల్రోజులయి పని నేదు" అన్నాడు.

నవంబరు 19 రాత్రి అక్కడ మంటలు లేచి 30కి పైగా మరబోట్లు దెబ్బతిన్నాయని పేపర్లో చదివినదాన్నే. మా స్త్రీల సమాజంలో వాళ్ళ కోసం ప్రార్థన కూడా చేయించాను. తీరా వాళ్ళలో ఒకరు ఎదురుగా కూర్చుంటే, నాకు ధర తప్ప మనిషి కనిపించలేదు!

అడిగినంతా ఇచ్చేసి వచ్చేశాను. డబ్బివ్వడం సులువు. "తప్పయింది" అనడానికే నోరు పెగల్లేదు.

ఆ సాయంత్రం సమాజంలో నేనే మాట్లాడాలి. అంశమేమిటంటారా? పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో, మాటలో దయ, ఉప్పు ఉండాలని చెప్పిన భాగం! రాసుకున్న కాగితం మడిచి సంచిలో పెట్టేసి, పొద్దున జరిగింది జరిగినట్టు చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ, "నిన్న మా పనిమనిషిని నేనూ అలాగే అన్నాను" అంది మెల్లిగా.

మర్నాడు మళ్ళీ హార్బరుకు వెళ్ళాను. ఆవిడ చీరిన చేపలకు ఉప్పు పట్టిస్తోంది.

"నిన్న నేనన్నది తప్పమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నాను.

"అలాటియి రోజూ ఇంటామమ్మా. మళ్ళీ వొచ్చి సెప్పినోళ్ళనే సూడ్నేదు" అంది.

ఏం మాట్లాడాలో తోచక, ఉప్పు ఎంత వేస్తారని అడిగాను.

"తక్కువైతే కుళ్ళిపోద్ది. ఎక్కువైతే నోట ఎట్టుకోనేరు" అంది, చేయి ఆపకుండానే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. పచ్చిచేప కరువైన ఆ రోజుల్లో ఈ ఎండుచేపలే ఆదుకుంటాయి. ఇన్నాళ్ళూ మాటలో ఉప్పంటే నలుగురినీ నవ్వించే చురక అనుకున్నాను. పాడవకుండా కాపాడేదని ఆవిడ చేతుల్ని చూశాకే తెలిసింది. నా మాటతో పాడవబోయిన మా పరిచయాన్ని నిలబెట్టింది ఆవిడే కదా!

బేరం మానేశానా అంటే, లేదండీ. మానేస్తే ఆవిడే ఒప్పుకోదు! కాకపోతే ముందు "కొడుకెలా ఉన్నాడు?" అని అడిగి, ఆ తర్వాతే ధర అడుగుతున్నాను. అతను మళ్ళీ వేటకెళ్తున్నాడట.

మా వారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నేను జవాబు చెప్పడం తగ్గించాను. ముందు ఉప్పు చూసుకుంటున్నాను.