ముగింపునకును ముహూర్తము కావలయును

మనవారికి ఆరంభములయందు గల శ్రద్ధ ముగింపులయందు లేదు. ముహూర్తము చూచి తలుపు తెరతుము. ఆ తలుపును రాత్రి ఎవ్వరు, ఏ క్రమమున మూయవలయునో విచారింపము. ఈ లోపము ఏలూరులో మేము పనిచేయు విద్యాలయమున, యంత్రముల మూలమున మాకు తెలిసివచ్చినది.

అచ్చట విద్యార్థుల మార్కులు, ఉపకారవేతనపు కాగితములు మూడు సర్వర్లలో నిలువయున్నవి. ప్రతి విషయమునకు మూడు ప్రతులు. ఆ సర్వర్లపై వర్చువల్ మెషీన్లు, అనగా దేహము లేని యంత్రములు, పెక్కు నడచుచుండును. కరెంటు పోయినచో బ్యాటరీ తీరకముందే అన్నిటిని ఆపవలెను. కాని ఆపినప్పుడెల్ల ఒక సర్వరు కూలి, తనంత తానే మరల లేచుచుండెను. ఒకమారు అప్పుడే చేర్చిన మార్కులు నశించినవి. నేరము అటెండరుపై పడినది. "నొక్కమన్న మీటలే నొక్కానండి, మేష్టారూ" అని ఆ కొల్లేటి లంకవాడు కన్నీరు పెట్టుకొనెను. మేమును ఆయననే శంకించితిమని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

తాడేపల్లిగూడెమున 2015లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో చదువుచున్న మా పూర్వశిష్యుడొకడు వచ్చి చూచెను. ఎవరు ఆపిరని అతడు అడుగలేదు. ఏది ముందు ఆగినదని అడిగెను. కూలుటకు పూర్వము యంత్రము వ్రాసికొనిన దినచర్యను తీసి, నిమిషము నిమిషము చదివెను.

ఆ నిలువ యేర్పాటు పేరు సెఫ్. సేజ్ వైల్ తన పరిశోధనగా నిర్మించినది. అందు మువ్వురిలో ఇరువురు సమ్మతించినగాని వ్రాత సాగదు. మేము రెండు సర్వర్లను ముందు ఆపితిమి. మూడవదానిపై వర్చువల్ మెషీన్లు ఇంకను నడచుచు, తమ తుదివ్రాతకై కాచుకొని నిలిచిపోయినవి. ఒంటరియైన సర్వరు రోగగ్రస్తమైనదని తలచి, కావలి గడియారము దానిని ఒక్క నిమిషములో మరల లేపినది. మేము కూలుట యనుకొన్నది నిజముగా రక్షణయే!

తమ్మిలేరు, బుడమేరు కొల్లేట కలియును. కొల్లేటినీరు ఉప్పుటేటి దారిని సముద్రము చేరును. పైనీరు వచ్చుచుండగా ఉప్పుటేరు పూడినచో పొలము మునుగును. నేరము పొలముదా?

క్రమము సులభమే. మొదట వర్చువల్ మెషీన్లనన్నిటిని ఆపి, ఆగినవని కన్నులార చూడవలెను. పిదప కావలి గడియారమును విరమింపజేయవలెను. అటుపై, కానరాని డిస్కులను చచ్చినవానిగా ఎంచి కొత్త ప్రతులు చేయకుండునట్లు, నిలువకు 'నోఅవుట్' గుర్తు పెట్టవలెను. కట్టకడపట సర్వర్లు. తెరచునపుడు మూడు సర్వర్లును లేచి, ప్రతులు సరియైన పిమ్మటనే ఆ గుర్తు తీసి, వర్చువల్ మెషీన్లను లేపవలెను.

దీనిని తెలుగున వ్రాసి గది తలుపునకు అంటించితిమి. మరల కరెంటు పోయిన రాత్రి ఆ అటెండరే పంక్తి పంక్తి చదువుకొని అన్నిటిని ఆపెను. ఏదియు కూలలేదు. మరునాడు ఉపాధ్యాయులందరి యెదుట ఆయనను క్షమాపణ వేడితిమి.

గ్రంథతాత్పర్యము తెలియుటకు ఉపక్రమోపసంహారములు రెంటిని కలిపి చూడుమని మీమాంసకులు చెప్పిరి. మేము ఆ మాటను ఏండ్ల తరబడి పాఠము చెప్పితిమి గాని, ఇంగ్లీషు వచ్చిన నలుగురి నోటనే పనిక్రమమును దాచి, దాని ఫలమును మాత్రము చిన్నయుద్యోగి తలపై మోపితిమి. చదువరులారా, మీ యింటనైనను, మీ సంస్థయందైనను ఒకరిని దూషించుటకు ముందు, చేయవలసిన క్రమమును వారికి తెలిసిన భాషలో ఎవరైన వ్రాసియిచ్చిరా యని యొక్కమారు అడుగుడు.