ఏ నగరానికి ఎన్ని రాత్రులు?

యూరపు యాత్ర తలపెట్టిన ఇంట మొదట తయారయ్యేది ఊళ్ళ పేర్ల జాబితా. పారిస్ లేని యూరపు ఏమిటంటారు ఒకరు. రోమ్ చూడనివాడు ఏమీ చూడనట్టే అంటారు మరొకరు. పిల్లలకు స్విట్జర్లాండు మంచుకొండలు కావాలి. పక్కింటివారు వెళ్ళివచ్చారు గనుక ఆమ్‌స్టర్‌డామ్ కూడా చేరుతుంది. జాబితా పూర్తయ్యేసరికి ఊళ్ళు పది, చేతిలో ఉన్న సెలవు పదిహేను రోజులు. పదిహేనును పదితో భాగించి, ఊరికి ఒకటిన్నర రోజు చొప్పున పంచి, ప్రణాళిక సిద్ధమైందని తృప్తిపడతారు. నిజానికి ఆలోచించవలసిన పని అక్కడే మొదలవుతుంది.

ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము, అడిగి అడిగి సంపాదించిన సెలవు, పెద్దవారి మోకాళ్ళలో ఇంకా మిగిలి ఉన్న సత్తువ, ఈ మూడూ ఒక్కసారిగా కలిసివచ్చే అదృష్టం చాలా కుటుంబాలకు జీవితంలో ఒక్కమారే లభిస్తుంది. ఆ పదిహేను రోజులను ఎలా పంచుకున్నామన్న దానిమీదనే, తిరిగివచ్చాక మనసులో మిగిలేది నగరాలో, రైలు స్టేషన్లో తేలుతుంది.

పద్దెనిమిది రోజుల్లో తొమ్మిది దేశాలు చుట్టబెట్టే అమెరికన్ యాత్రికుల మీద 1969లో హాలీవుడ్ ఒక హాస్యచిత్రం తీసింది. ‘ఈ రోజు మంగళవారమైతే ఇది బెల్జియమే అయి ఉండాలి’ అని దాని పేరుకు అర్థం. తాము ఏ దేశంలో ఉన్నారో క్యాలెండరు చూసి తెలుసుకోవలసిన దుస్థితి వారిది. ఆ చిత్రం చూసి ప్రపంచం నవ్వింది. ఆ తరహా యాత్రలు మాత్రం నేటికీ తగ్గలేదు.

రోజులు కాదు, రాత్రులు

అనుభవజ్ఞులైన యాత్రికులు రోజులను లెక్కించరు, రాత్రులను లెక్కిస్తారు. ఒక ఊళ్ళో రెండు రాత్రులు గడిపితే చేతికి దక్కే పూర్తి దినం ఒక్కటే. మూడు రాత్రులు గడిపితే రెండు, నాలుగు రాత్రులు గడిపితే మూడు. వచ్చిన రోజూ, వెళ్ళే రోజూ ప్రయాణానికే చెల్లు.

ఊరు మారడమంటే రైలులో కూర్చునే రెండు గంటలు మాత్రమే కాదు. పెట్టెలు సర్దుకోవాలి, హోటలు గది ఉదయమే ఖాళీ చేయాలి, స్టేషనుకు ముందుగా చేరాలి, కొత్త ఊళ్ళో బస వెతుక్కోవాలి, మధ్యాహ్నం దాటితే గాని గది చేతికి రాదు. రైలు ఎంత వేగంగా పోయినా సగం దినం ఖర్చయినట్టే.

పదునాలుగు రాత్రుల యాత్రనే తీసుకుందాం. ఏడు నగరాలకు రెండేసి రాత్రులు పంచితే పూర్తి దినాలు ఏడు, ఊరు మారే దినాలు ఆరు. అదే యాత్రను నాలుగు నగరాలకు కుదించి, పారిస్‌కు నాలుగు, వెనిస్‌కు మూడు, ఫ్లారెన్స్‌కు మూడు, రోమ్‌కు నాలుగు రాత్రులు ఇచ్చామనుకుందాం. పూర్తి దినాలు పది అవుతాయి, మారే దినాలు మూడే. మూడు నగరాలు తగ్గించుకున్నందుకు మూడు నిండు దినాలు లాభం.

ఈ లెక్కలో మరొక మర్మం ఉన్నది. పారిస్‌లో విమానం దిగినవారు మళ్ళీ పారిస్ నుండే తిరుగు ప్రయాణం కట్టనవసరం లేదు. ఒక నగరంలో దిగి, మరొక నగరం నుండి తిరిగివచ్చే టిక్కెట్టు దొరుకుతుంది. దాని వెల కాస్త ఎక్కువైనా, వెనక్కు వెళ్ళే ప్రయాణం ఖర్చూ, ఒక దినమూ మిగులుతాయి. పారిస్ నుండి వెనిస్‌కు విమానం, అక్కడినుండి ఫ్లారెన్స్‌కు సుమారు రెండు గంటల రైలు, ఫ్లారెన్స్ నుండి రోమ్‌కు సుమారు గంటన్నర. ఒక దారం మీద పూసలు గుచ్చినట్లు యాత్ర సాగిపోతుంది.

చిన్న ఊళ్ళను జాబితా నుండి కొట్టివేయవలసిన పని లేదు. వాటిలో బస చేయకుండా ఉంటే చాలు. ఫ్లారెన్స్‌లో పెట్టెలు ఉంచి, గంట ప్రయాణంలో పీసా వాలుగోపురాన్ని చూసి సాయంకాలానికి తిరిగి రావచ్చు. పారిస్ నుండి వెర్సాయ్ రాజప్రాసాదం, రోమ్ నుండి నేపుల్స్ కూడా అటువంటివే. పెట్టె కదలనంతవరకు యాత్ర భారం కాదు.

గోథే గడిపిన మూడు గంటలు

నగరాలకు కాలాన్ని పంచే విషయంలో మహామహులు సైతం చిత్రంగా ప్రవర్తించారు. జర్మన్ మహాకవి గోథే 1786 సెప్టెంబరు 3న తెల్లవారుజామున మూడు గంటలకు, మిత్రులకు కూడా చెప్పకుండా, కార్ల్స్‌బాద్ నుండి ఇటలీకి బయలుదేరాడు. వెనిస్‌లో రెండు వారాలకు పైగా ఉన్నాడు. ఫ్లారెన్స్‌లో మాత్రం మూడు గంటలే! రోమ్ చేరుకోవాలన్న తహతహ ఆయనను అంతగా తరిమింది. రోమ్‌లో అడుగుపెట్టాక తొలిమజిలీగా సుమారు నాలుగు నెలలు గడిపి, నేపుల్స్, సిసిలీ చూసుకుని మళ్ళీ అక్కడికే వచ్చి మరి పది నెలలు ఉండిపోయాడు.

ఫ్లారెన్స్ అభిమానులకు ఇది కష్టం కలిగించవచ్చు గాని, గోథే చేసిన పనిలో ఒక వివేకం కనిపిస్తుంది. తన మనసు ఎక్కడ ఉన్నదో ఆయనకు తెలుసు. నగరాలన్నింటికీ సమాన వాటా ఇవ్వడం న్యాయంగా తోచవచ్చు గాని, యాత్ర ఆస్తి పంపకం వంటిది కాదు. కుటుంబంలో ప్రతి ఒక్కరూ తమకు అన్నింటికంటె ముఖ్యమైన ఒక్క కోరికను చెప్పుకోవాలి. తల్లికి సెయింట్ పీటర్స్ ఆలయం, కుమారునికి కొలోసియం, తండ్రికి లూవ్ర్ అయితే, రాత్రులలో ఎక్కువ పాలు రోమ్‌కూ పారిస్‌కూ దక్కుతుంది. తక్కినవి వాటి చుట్టూ సర్దుకుంటాయి.

ఎంతకాలం ఉంటే ఒక నగరం ‘పూర్తవుతుంద’ని అడిగేవారికి లూవ్ర్ మంచి సమాధానం. అక్కడ సుమారు 35,000 కళాఖండాలు ప్రదర్శనలో ఉన్నాయి. ఒక్కొక్కదాని ముందు అర నిమిషం నిలబడినా, రోజుకు ఎనిమిది గంటల చొప్పున ముప్పయి ఆరు దినాలు పడుతుంది. కనుక పూర్తిచేయాలన్న పట్టుదల వ్యర్థం. ఆరు గంటలు ఏకబిగిన తిరిగి, చివరకు కాళ్ళనొప్పులు మాత్రమే జ్ఞాపకం ఉంచుకోవడం కంటె, ఒక ఉదయం మూడు గంటలు, మరొక సాయంకాలం మూడు గంటలు చూడడం మేలు. నాలుగు రాత్రులు ఉన్నవారికే ఈ సౌకర్యం.

సెలవు దినాల చిక్కు

ప్రతి నగరానికీ ఒక వారవ్రతం ఉన్నది. పారిస్‌లో లూవ్ర్ మంగళవారం మూసి ఉంటుంది. ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ ప్రాసాదం సోమవారం మూస్తారు. ఫ్లారెన్స్‌లో ఉఫీత్సీ చిత్రశాలకూ, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అకాదమియాకూ సోమవారం సెలవు. సిస్టీన్ మందిరంతో కూడిన వాటికన్ మ్యూజియములు ఆదివారాలు తెరవరు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచిత ప్రవేశం, దానితో పాటు విపరీతమైన రద్దీ.

ఆదివారం రాత్రి ఫ్లారెన్స్ చేరి, మంగళవారం ఉదయమే వెళ్ళిపోయే యాత్రికుని సంగతి ఊహించండి. అతనికి దక్కిన ఒకే ఒక్క పూర్తి దినం సోమవారం. నాలుగు వేల మైళ్ళు ఎగిరివచ్చి మూసిన తలుపులు చూసి వెళ్ళాలి. ప్రణాళిక కాగితం మీద తేదీలతో పాటు వారాలు కూడా రాసుకుంటే ఈ విచారం తప్పుతుంది. ముఖ్యమైన చోట్ల ప్రవేశానికి తేదీ, సమయం ముందుగానే నిర్ణయించుకోవలసిన రోజులివి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆన్ ఫ్రాంక్ ఇంటికి ముందుగా టిక్కెట్టు తీసుకోకుండా వెళ్ళి లాభం లేదు. టిక్కెట్టు దొరికిన రోజును బట్టి రాత్రులను అటూ ఇటూ జరుపుకోవడమే తెలివైన పని.

సూర్యుడు ఇచ్చే వాటా కూడా గమనించదగినది. పారిస్‌లో జూన్ మాసాన పగలు సుమారు పదహారు గంటలు. రాత్రి పది గంటలవుతున్నా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో పగలు సుమారు ఎనిమిది గంటలే. వేసవిలో మూడు రాత్రులు చాలిన ఊరికి శీతకాలంలో మరొక రాత్రి కలపవలసి వస్తుంది. భారత కాలమానం వేసవిలో పారిస్ కంటె మూడున్నర గంటలు ముందుంటుంది గనుక, మనవారికి మొదటి రోజులలో సాయంకాలమే నిద్ర ముంచుకువస్తుంది, తెల్లవారకముందే మెలకువ వస్తుంది. కాబట్టి వెళ్ళిన రోజు రాత్రికి ఏ కార్యక్రమమూ పెట్టుకోవద్దు. మరునాటి వేకువను సీన్ నది ఒడ్డున నడకకు వినియోగించుకోవచ్చు. జనం లేని పారిస్ అప్పుడు మీ ఒక్కరిదే.

వీసా చెప్పే తీర్పు

బస కాలం మన ఇష్టానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. చట్టానికి కూడా సంబంధించినది. లక్సెంబర్గ్‌లోని షెంగెన్ గ్రామంలో 1985లో కుదిరిన ఒడంబడిక ఫలితంగా, నేడు యూరపులోని అనేక దేశాలలో ఒకే వీసాతో తిరగవచ్చు. అయితే ఏ దేశపు కార్యాలయంలో దరఖాస్తు చేయాలన్నది మన రాత్రుల లెక్కే నిర్ణయిస్తుంది. ఎక్కువ కాలం గడిపే దేశం దగ్గరనే అడగాలి. రెండు దేశాలలో సమానంగా గడిపితే మొదట అడుగుపెట్టే దేశాన్ని అడగాలి. పైన చెప్పిన యాత్రలో విమానం దిగేది పారిస్‌లోనే అయినా, ఫ్రాన్సులో నాలుగు రాత్రులు, ఇటలీలో పది గనుక, దరఖాస్తు వెళ్ళవలసింది ఇటలీకి.

లండన్ కూడా చూడాలనుకునేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. బ్రిటన్ ఈ ఒడంబడికలో లేదు. దానికి వేరే వీసా కావాలి. యాత్ర మధ్యలో లండన్ వెళ్ళి మళ్ళీ పారిస్ వస్తే, ఒకటి కంటె ఎక్కువ పర్యాయాలు ప్రవేశించే వీసా ఉండి తీరాలి. లండన్‌ను మొదటనో, చివరనో ఉంచుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

అతిథికీ ఊరికీ మధ్య

ఎన్నాళ్ళు ఉంటామన్నది మన లాభనష్టాలతో ముగిసే విషయం కాదు. వెనిస్ పాతనగరంలో 1950 ప్రాంతాల సుమారు 1,75,000 మంది నివసించేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 50,000 కంటె తగ్గిపోయింది. ఉదయం వచ్చి సాయంకాలం వెళ్ళిపోయే జనసమూహంతో వీధులు కిటకిటలాడతాయి. ఇళ్ళు యాత్రికుల బసలుగా మారిపోతాయి. ఊరివారికి ఊళ్ళో చోటు లేకుండా పోతున్నది. 2024 ఏప్రిల్ 25న ఆ నగరం, రద్దీ దినాలలో వచ్చి రాత్రి ఉండకుండా వెళ్ళేవారిపై ఐదు యూరోల ప్రవేశ రుసుము విధించడం ప్రారంభించింది. బస చేసేవారికి అది లేదు. ఉంటే అతిథిగా ఉండండి, తొక్కుకుంటూ పోకండి అని ఒక నగరం వేడుకొన్నట్లున్నది ఆ నిబంధన.

రాత్రి ఉన్నవారికి వెనిస్ ఇచ్చే ప్రతిఫలం వేరు. పగటి జనం వెళ్ళిపోయాక చక్రాల చప్పుడు లేని ఆ ఊళ్ళో అడుగుల సవ్వడీ, నీటి సవ్వడీ మాత్రమే మిగులుతాయి. వేకువన కూరగాయల పడవలు వస్తాయి. తలుపులు తెరుచుకుంటాయి. పటంలో చూసిన ఊరు అప్పుడు మనుషులు కాపురముండే ఊరని తెలుస్తుంది.

మన పెద్దలు ప్రయాణంలో ఆగే చోటును మజిలీ అన్నారు. మద్రాసు నుండి 1830లో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీ యాత్ర ముగించుకుని మరుసటి సంవత్సరం ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు గడిచాయి. దారిలోని ఊళ్ళలో నీళ్ళ వసతీ, బస, దొరికే సరుకులూ, జనుల తీరూ ఆయన రాసిపెట్టారు. ఆగినందువల్లనే అవి కంటపడ్డాయి. నేటి ఉద్యోగికి పదిహేను నెలలు లేవు, పదిహేను దినాలే ఉన్నాయి. అందుకే అతనికి మజిలీలు మరింత తక్కువగా ఉండాలి.

గోథే 1788లో ఇంటిముఖం పట్టినప్పుడు ఫ్లారెన్స్‌లో ఆగి, మొదట పరుగున దాటిపోయిన నగరాన్ని తీరికగా చూశాడు. ఆ రెండవ అవకాశం మనలో చాలామందికి రాకపోవచ్చు. అయినా, పటం మీద ఒకటి రెండు పేర్లు కొట్టివేయడానికి వెనుకాడనవసరం లేదు. చూడని ఊరు గురించి ఎవరో చెబితే ఆసక్తిగా వింటాం. నిద్రకళ్ళతో దాటివచ్చిన ఊరు గురించి చెప్పమంటే మన దగ్గర మాట ఉండదు.